రంగుల పుస్తకం వద్దన్న నాయన

ధర్మవరం, 2004 జూన్, ఆదివారం

రేపు ఇక్కడి కంప్యూటర్ సెంటర్లో నా మొదటి ఉద్యోగం. ఇంట్లో చదివి తెచ్చుకున్న హార్డ్‌వేర్ సర్టిఫికెట్ పనికి సరిపోతుందా అని ఒకటే గుబులు.

రెండేళ్ల కిందట పోస్టులో ఇంట్లోనే చదివే రెండు కోర్సుల వివరాలు వచ్చాయి. ఒకరు మెరిసే రంగుల పుస్తకం పంపారు, ఇంకొకరు మామూలు కాగితం. రంగుల పుస్తకం పంపినవాళ్ల కోర్సే కావాలన్నాను.

"మొలక చూడకుండా, రంగు చూసి విత్తనకాయ కొంటామా పాపా? ఆడ చదివినోళ్లు యాడుండారో కనుక్కో పో" అన్నాడు నాయన.

అక్కడ చదివినవాళ్లు ఎవరూ దొరకలేదు. రెండోది చదివినతను గార్లదిన్నెలో కంప్యూటర్ల రిపేరు అంగడి పెట్టుకున్నాడు. "ఉత్త పుస్తకంతో రాదు పాపా. ఆదివారాలొచ్చి పాత మిషన్లు ఇప్పి బిగించు" అన్నాడు. ఆ కోర్సులోనే చేరాను. స్క్రూలు కొబ్బరిచిప్పలో వేసుకుని పని నేర్చుకున్న ఆ ఆదివారాలు ఇక రావు.

సాయంత్రం ఫోన్లో నాయనకు నా గుబులు చెప్పాను. "తెలీకుంటే తెలీదను. సిగ్గుపడి తెలుసంటివా, నేర్పేవాడు గూడా నేర్పడు" అన్నాడు.

రేపు ఎన్నిసార్లు తెలీదనాలో...