నాన్న కోసం తెచ్చిన టేకు పలకలు

నర్సీపట్నం, జూన్ 2003

చిన్నాన్న గారికి వందనాలు.

ఎండాకాలంలో నాన్నకు జబ్బు ముదిరినప్పుడు, శవపెట్టెకని మీరు ముందే తెచ్చి మా వసారాలో పెట్టిన టేకు పలకలు ఏమయ్యాయని అడిగారు. కోసింది నేనే. మా అంబాసిడర్ డిక్కీలో యాంప్లిఫయరూ రెండు పెద్ద స్పీకర్లూ కదలకుండా కూర్చునేలా అర చేశాను. అది పాపమని సంఘంలో అందరికీ చెబుతున్నారట. చెప్పుకోండి. నేను మాత్రం విప్పను.

కోసేముందు నాన్ననే అడిగాను. "పెట్టిలో పడుకున్నాక నాకేటి ఇనబడతాదిరా? బేగి బిగించు" అన్నారు. నిన్న మాకవరపాలెం దాకా వెనక సీట్లో కూర్చుని కీర్తనలకు తాళం వేస్తూనే ఉన్నారు.

మళ్ళీ పలకలు కొంటానన్నారట. తప్పకుండా తీసుకురండి. ఇంకో స్పీకరుకు అర చెయ్యాలి.

మీ అన్నగారి అబ్బాయి