హారన్ నొక్కలేనన్న అక్క

సోమవారం, రాత్రి

మునగాల సుగుణక్క ఈ రోజు మళ్ళీ మా కోదాడ మెకానిక్ షెడ్డుకు వచ్చింది. వాళ్ళాయనను డయాలసిస్‌కు సూర్యాపేట తీసుకుపోయేది తను నడిపే పాత కారులోనే. పోయిన వారం వచ్చి, హారన్ బటన్ గట్టిగా ఉంది, నొక్కలేకపోతున్నానంది. నేను అరచేత్తో ఒక్క గుద్దు గుద్ది మోగించాను.

"మంచిగనే ఉంది గదా! నాట్లేసే చేతులకు గిదొక లెక్కనా అక్కా?"

షెడ్డులో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి వెళ్ళిపోయింది.

నిన్న వాళ్ళ ఊరి మలుపులో ఒక పిల్లాడు సైకిల్‌తో అడ్డమొచ్చాడట. రెండు చేతులతో నొక్కినా హారన్ మోగలేదట. బ్రేకు పడింది కాబట్టి వాడికి మోకాలు గీరుకుపోవడంతో సరిపోయింది.

"ఈసారన్న జర విప్పి సూడు తమ్మీ," అంది.

స్టీరింగ్ మధ్యలో మూత తీస్తే, కింద స్ప్రింగులు తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి. ఎప్పటి తుప్పో! మార్చాను. పావుగంట పని. అక్క బొటనవేలు ఆనించగానే మోగింది.

"గింతేనా? మరి ఆ రోజే సెయ్యకపోతివి?"

"ఆ రోజు తుప్పు లేదక్కా. మొన్నటి వానకు పట్టింది."

అక్క నమ్మింది. "అట్లనా! నేనేమో నిన్న నిన్ను మనసుల తిట్టుకున్న. ఏమనుకోకు తమ్మీ."

పర్లేదక్కా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో...