మూడో కిటికీ కింద అడ్డచెక్క

నాన్నకు నమస్కారాలు.

ఇక్కడ నేను బాగున్నాను. మీ నడుము తప్ప అక్కడ అన్నీ బాగున్నాయని రాశారు. నడుము కూడా బాగుందని మీరు రాసే రోజు కోసం చూస్తున్నాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. మీరు వడ్రంగి పెన్సిల్‌తో నొక్కి రాస్తారు కదా, కాగితం తిరగేస్తే అక్షరాలు వేలికి తగులుతాయి. చదవడానికి ముందు ఒకసారి అలా తడుముతాను. చిన్నప్పటి నుంచీ అలవాటు. మీకెప్పుడూ చెప్పలేదు.

మీరడిగిన వాటికి వరసగా జవాబులు. వేళకే తింటున్నాను. కళ్లజోడు మార్చాను, ఇప్పుడు దూరంగా ఉన్న బోర్డు కూడా కనిపిస్తోంది. గది పైకప్పు కారడం లేదు. మూల చెమ్మ మరక ఉందన్నాను కదా, మీరు చెప్పినట్టే దాని చుట్టూ గీత గీసి తేదీ వేశాను. నెలైనా మరక గీత దాటలేదు. నేను ఉండి చదువుకున్న బడిలోని పెద్ద సిస్టరుకు ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. నా దస్తూరీని మెచ్చుకుని, రాసిన విషయం గురించి ఒక్క ముక్క కూడా అనలేదు.

ఇంకో ప్రశ్న మిగిలింది, ఆ వాక్యం ఎవరు రాశారని. అది చివర్లో చెబుతాను.

ఇక్కడ గొడవ ఇంకా ముదిరింది. మా యూనివర్సిటీలో మూడు భవనాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయని రాశాను. మొదటిది నూరేళ్ల నాటి రాతి కట్టడం, ఎత్తయిన కమానులు, వాటి మీద చెక్కిన ఆకులూ లతలూ. దాన్ని అందరూ అత్తగారు అంటారు. మధ్యలో ఉన్నది బూడిద రంగు కాంక్రీటుది, పైన పూత కూడా లేదు. అది పెద్దకోడలు. చివరిది నిరుడు కట్టిన అద్దాల భవనం. అది చిన్నకోడలు. ముగ్గురికీ ఒక్క క్షణం పడదని ఇక్కడ హాస్యం. పెద్దకోడలి ముందువైపు గోడకు అత్తగారి రాయిలాంటి రాయితో తాపడం చేయించి, కిటికీల మీద కమానులు అతికిస్తే చూడముచ్చటగా ఉంటుందని కొందరి వాదన. కూడదని కొందరి వాదన. క్యాంటీనులో బల్లలు కూడా రెండు పక్షాలుగా విడిపోయాయి.

నా గదిలో ఉండే అమ్మాయి తాపడం పక్షానికి నాయకురాలు. ఆమె చదివేది గణితం, కానీ అందరూ వకీలు అనే పిలుస్తారు. పోయిన వారం టీ తాగుతున్న ఆర్కిటెక్చర్ మాస్టారి ఎదురుగా వెళ్లి కూర్చుంది. నేను పక్కన పుస్తకంలో తల దూర్చి వింటున్నాను.

"పెద్దకోడలికి ఒక మంచి చీర కట్టిద్దామంటే మీకెందుకండీ అంత బాధ?" అంది.

"చీర కాదమ్మా, అత్తగారి చీర. కోడలికి అత్తగారి చీర చుట్టి, ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారని ముచ్చటపడమంటున్నావు."

"ఇప్పుడు కట్టుకున్నది చీరేనా మాస్టారూ? గోనెసంచి."

"గోనెసంచే. కాకపోతే సొంతది."

"మరి చిన్నకోడలి సంగతి?"

"ఆవిడతో పేచీ లేదు. ఎవరెదురుగా నిలబడితే వాళ్ల మొహమే చూపిస్తుంది. ఇల్లు గడవాలంటే అలాంటివాళ్లే కావాలి."

వకీలు కూడా నవ్వింది. కానీ తాపడం కోరుతూ వైస్ చాన్సలర్‌కు ఇచ్చిన అర్జీ మీద అప్పటికే ఆరువందల సంతకాలున్నాయి. అందులో ఒక వాక్యం అందరి నోళ్లలోనూ నానింది. మీకూ రాశాను, "ఇవి ఎవరూ ప్రేమగా తాకని గోడలు" అని. పెద్ద అక్షరాలతో నోటీసు బోర్డు మీద అంటించారు. మాస్టారు కూడా దాని ముందు ఆగి చదివారట.

ఇక మీ ఉత్తరం. అందులో ఒక పేజీని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మీరు రాసింది మీకే తిరిగి రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. రాస్తుంటే మీరు మాట్లాడినట్టు ఉంటుంది.

"తల్లీ, నువ్వు చెప్పే ఆ బూడిద రంగు బిల్డింగు వెనకాల కొండ ఉందా? మెట్లు బయటికి ఉండి మూడు వంకలు తిరుగుతాయా? అయితే అది మేం చెక్కలు కొట్టిందే. మేం దాన్ని కొండ కింద పని అనేవాళ్లం. కాస్త దూరంలో ఒక రాతి బంగళా ఉండేది, మిగతాదంతా మట్టి. అది కాలేజీ అని మాకెవరూ చెప్పలేదు. మెట్లకు ఎడమవైపు మూడో కిటికీ కింద చూడు. చెక్కల అచ్చులన్నీ నిలువుగా ఉంటాయి, అక్కడ ఒక్కటి అడ్డంగా ఉండాలి. కాంక్రీటు పోత జరుగుతుంటే ఒక చెక్క చీలింది. వేరే చెక్క లేదు. పోత ఆగదు. షెడ్డులో మీ అమ్మ కూర్చునే బల్ల చెక్క ఉంది. నేను అడగలేదు, ఆవిడే లేచి ఇచ్చింది. పొట్టిది కాబట్టి అడ్డంగా కొట్టాను. ఇంజనీరు నానా తిట్లూ తిట్టాడు. నువ్వు కడుపులో పడ్డాక మీ అమ్మ ఆ చెక్క మీద నెలకో గీత చాకుతో గీసేది. ఏడు ఉండాలి. చూసి రాయి. పైన సిమెంటు పూసేసి ఉంటే పోనీలే, బాధపడకు."

నాన్నా, బుధవారం పొద్దున క్లాసుకు ముందే వెళ్లాను. పైన ఏమీ పూయలేదు.

రెండేళ్లుగా ఆ గోడకు అవతలి వైపు, మూడో కిటికీ దగ్గరే కూర్చుని చదువుకుంటున్నాను. వెలుతురు అక్కడ బాగుంటుంది. బయటి నుంచి మాత్రం ఏ రోజూ దగ్గరికి వెళ్లి చూడలేదు. మా బడిలో గోడలకు ఆనుకోకూడదు, చేతులు తగలకూడదు, మరకలు పడతాయని. పన్నెండేళ్లు గోడకు బెత్తెడు ఎడంగా నడిచాను. ఆ అలవాటు ఇంకా పోలేదు.

దగ్గరికి వెళితే అది కాంక్రీటులా లేదు. అంతా చెక్కే. చెక్క చారలు, ముడులు, మేకు తలల గుంటలు, రెండు చెక్కల సందులోంచి పొంగి గట్టిపడిన సన్నని అంచులు. మీరెప్పుడూ అనేవారు కదా, "మా పని మిగలదు తల్లీ, పోత గట్టిపడగానే మా చెక్కలు ఊడబీకుతారు, గోడ నిలబడుతుంది, మేం వెళ్లిపోతాం" అని. మిగిలింది నాన్నా. గోడంతా అదే ఉంది.

అడ్డచెక్క మోకాలెత్తులో ఉంది. చెక్క మీద లోతుగా కోసిన గీతలు గోడ మీద పైకి తేలి ఉన్నాయి, మీ ఉత్తరం వెనకవైపు అక్షరాల్లా. కళ్లకు సరిగా ఆనవు, వేలికి తెలుస్తాయి. ఒకటి, రెండు అని ఎడమ నుంచి లెక్కపెట్టాను. ఏడూ ఒకే పొడవు, ఒకే ఎడం. అమ్మ చేతి కుదురు అలాంటిదని నాకు ఇప్పుడే తెలిసింది. అమ్మ ఫోటో మన దగ్గర ఒక్కటీ లేదు. అమ్మ పోయేనాటికి నాకు రెండేళ్లు, ఏమీ గుర్తు లేదు. అమ్మ వేలు ఆగిన చోట నా వేలు ఆగడం అదే మొదటిసారి.

ఏడో గీత దాటాక వేలికి ఇంకేదో తగిలింది. అక్కడికి మళ్లీ వస్తాను.

ముందు ఆ వాక్యం సంగతి. "మాట బాగుంది, రాసినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లే అయ్యుంటారు. కోపం రాలేదు గాని, ఆ గోడ కొట్టిన రోజు నా చేతిలో నాలుగు పేళ్లు గుచ్చుకున్నాయి" అని రాశారు. ఎవరు వాళ్లు అని అడిగారు.

నేనే నాన్నా. అర్జీ మొత్తం నేనే రాశాను. వకీలు కాగితం నా ముందు పెట్టి, "నువ్వు నోరు విప్పవు సరే, కలమైనా విప్పు" అంది. నాకు ఆ గోడల మీద ఇష్టమూ లేదు, కోపమూ లేదు. వాక్యం కుదిరితే చాలనుకున్నాను. కుదిరింది. మీకు రాసిన ఉత్తరంలో అది ఎవరో రాసినట్టు పెట్టింది కూడా, మీరు బాగుందంటారేమోనని. మీరు బాగుందనే అన్నారు.

శుక్రవారం సభ జరిగింది. వైస్ చాన్సలర్ వచ్చారు. ఆయన అర్జీ చదివి, ఆ వాక్యం దగ్గర ఆగి, ఇంకోసారి చదివారు. నేను లేచి నిలబడ్డాను. నేను సభలో నిలబడడం మీరు ఊహించలేరు, నేనూ ఊహించలేదు. "ఆ వాక్యం నేను రాశాను. అది అబద్ధం" అన్నాను. హాలంతా చప్పట్లు కొట్టింది. రాసింది నేనేనని తెలిసి మెచ్చుకున్నారు, రెండో మాట ఎవరూ వినలేదు. మాస్టారు ఒక్కరే విన్నారు. "ఎందుకు అబద్ధమమ్మా, చెప్పు" అన్నారు.

చెప్పలేకపోయాను. అంతమందిలో మాట్లాడడం నాకు రాదు, నిజమే. కానీ అంతా దాని మీదికి తోయను. మా అమ్మ గీతలు అంటే మరునాటికల్లా అవి క్యాంటీను బల్లల మీదికి వస్తాయి, వకీలు ఒక మాట, మాస్టారు ఒక మాట. ఇంకా మూడు రోజులు కూడా కాలేదు అవి నావి అయి. అందుకని కూర్చుండిపోయాను. చేతులు ఎత్తించి లెక్కపెట్టారు. తాపడం పక్షం గెలిచింది. నేను మాట్లాడితే మారేదో లేదో తెలియదు. మాట్లాడలేదన్నది మాత్రం తెలుసు. మీకు దాచకూడదని రాస్తున్నాను.

గదికి వచ్చాక వకీలుకు అంతా చెప్పాను. "ముందే చెప్తే ఆరువందల మందినీ నేనే వెనక్కి తిప్పేదాన్ని కదే మొద్దూ" అంది. ఆ మాటే నిజమైతే నాకు ఇంకా కష్టం.

నిన్న తాపడం మేస్త్రి కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. తల పూర్తిగా నెరిసిన మనిషి. నేను మూడో కిటికీ కింద చతికిలబడి ఉన్నాను.

"ఏం వెతుకుతున్నావు పాపా, చెవిదిద్దు పడిపోయిందా?"

"లేదండి. గీతలు చూస్తున్నాను."

పక్కన కూర్చుని బొటనవేలితో తడిమాడు. "ఇవి గోడ మీద గీసినవి కావు. పోతకు ముందే చెక్క మీదున్నాయి. చాకు గీతలు. సెంట్రింగు ఎవరిది?"

"మా నాన్నది."

"ఉన్నాడా?"

"ఉన్నారు. వంతెన పనిలో ఉన్నారు, చాలా దూరం. నెలకు రెండు ఉత్తరాలు రాస్తారు."

"రాయడం సరే, రమ్మను. రాయి పట్టాలంటే ముందు గోడంతా ఉలితో గంట్లు కొట్టాలి. ఆ తర్వాత చూద్దామన్నా ఏం ఉండదు."

ఎక్కడి నుంచి మొదలుపెడతారని అడిగాను. ఈ చివర నుంచే, మెట్ల పక్క నుంచే అన్నాడు. అటు నుంచి మొదలుపెట్టడం కుదరదా అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన గోడను అటు చివరి దాకా ఒకసారి చూశాడు.

"రాళ్లు దింపేది ఇక్కడ. అటు నుంచంటే మోత ఎక్కువ. సరేలే, ఈ కిటికీ ఆఖర్న పట్టుకుంటాను. ఎటు నుంచి ఎటు కట్టావని మేస్త్రిని అడిగేవాడెవడు? నెలన్నర పడుతుంది. ఆపైన నా చేతిలో ఉండదు."

ఈ కవరులో ఇంకో కాగితం ఉంటుంది. అడ్డచెక్క మీద పరిచి, మీరు బడికి వచ్చినప్పుడు ఇచ్చిపోయిన పెన్సిల్ ముక్కతో రుద్దాను. ఏడు గీతలూ వచ్చాయి, ముడి కూడా వచ్చింది. ఏడో గీత తర్వాత నా వేలికి తగిలింది ఎనిమిదో గీత. మీరు ఏడే అన్నారు. ఉన్నవి ఎనిమిది. ఆ ఒక్కటీ పలుచన, కాస్త వంకర, తొందరలో గీసినట్టు ఉంది. మీరు సుత్తి పట్టుకుని తొందరపడుతుంటే, వచ్చే నెలకి ఈ చెక్క ఉండదని ముందే గీసి ఇచ్చిందేమో. నాకు అలా అనిపించింది. మీకే తెలియాలి. మూడు కాగితాలు పాడుచేశాను, ఎనిమిదోది ఒక్కదాని మీదా పడలేదు. అది వేలికి తప్ప దొరకదు.

బడిలో మీరు నన్ను చూడడానికి వచ్చినప్పుడు, చూడ్డానికి వచ్చినవాళ్లు కూర్చునే గదిలో బల్లను వేలి కణుపుతో కొట్టి "టేకు కాదు" అనేవారు. ఆ తర్వాత మనిద్దరికీ మాటలు దొరికేవి కావు. గంట కొట్టే దాకా అలాగే కూర్చునేవాళ్లం. మీరు వెళ్లాక చెప్పాల్సినవన్నీ గుర్తొచ్చేవి. ఇప్పుడు మీరొస్తే ఏమీ మాట్లాడక్కర్లేదు. ఆ గోడ దగ్గర పక్కపక్కన కూర్చుందాం. మీరు లెక్కపెట్టండి, నేను చూస్తాను.

ఈ స్లాబు అయ్యాక వస్తానని నిరుడు రాశారు. ఈ వంతెన అయ్యాక అని ఈసారి రాశారు. పోత ఆగదు, నాకు తెలుసు. ఆ కిటికీ దగ్గర తాపడం నెలన్నర ఆగుతుందట నాన్నా. నేను అడిగాను.

ఇట్లు,
మీ దారి చూస్తూ,
మీ అమ్మాయి