తోలు కప్పిన పిల్ల

సుంకులమ్మకు, ఒమాన్ దేశంలో ఇబ్రి ఊరి అవతల గొర్రెల దొడ్డి నుంచి ఓబయ్య రాసేది. నా ఒళ్లు బాగుంది, దిగులు పడొద్దు.

పాలు తాగే మన బిడ్డ పోయిందని, ఆ వెనకాలే నా చెల్లెలు నరసమ్మ కాన్పులో పోయిందని నీళ్ల ట్యాంకర్ బాషా కబురు తెచ్చినాడు. పాస్‌పోర్టు అడిగితే మా కఫీల్, అదే మా యజమాని, ఇయ్యనన్నాడు.

ఈ ఎడారి దిక్కున మొదటి దొడ్డి నేనే కట్టినా. మొన్న ఒక గొర్రె ఈనుతానే చచ్చిపోయింది. అదే పూట ఇంకోదాని పిల్ల చచ్చింది. తల్లిలేని పిల్లను దాని దగ్గరికి తోలితే కుమ్మి తరిమింది. మా నాయన చేసినట్టు, చచ్చిన పిల్ల తోలు ఒలిచి దీనికి కప్పినా. తల్లి శానాసేపు వాసన చూసింది. మెల్లగా పాలిచ్చింది. కఫీల్ నవ్వినాడు, నాకు ఏడుపొచ్చింది.

అమ్మ అన్నం తింటాందా? వానలు పడినాయా? నరసమ్మ బిడ్డకు మేకపాలు అరగక ఏడుస్తాందంట, నిజమేనా?

మన బిడ్డ చొక్కాలు ట్రంకుపెట్టెలోనే ఉండాయా? నిన్ను బలవంతం చేయను. ఒకటి తీసి ఆ పసిదానికి తొడిగి, ఒక్కసారి ఒళ్లో పెట్టుకొని చూడు.

బీరప్ప సామి మీ ఇద్దరినీ కాపాడాల.