సగానికి మరిగిన నీళ్లు

మార్చి 3

పాపకు నా పాలు చాలడం లేదు. డబ్బా పాలు మొదలుపెట్టమంది నర్సు. ఇక నాకు నీళ్ల బెంగ పట్టుకుంది. నీటి సరఫరా వాళ్ల వెబ్‌సైట్ తెరిచి మా వీధి వెతికాను. పసిపిల్లలకు పడని నైట్రేట్ దగ్గర ఎన్.డి. అని ఉంది. అంటే నాట్ డిటెక్టెడ్, లేదన్నమాట. హమ్మయ్య! స్క్రీన్‌షాట్ తీసి వీధి గ్రూపులో కూడా పెట్టాను.

అత్తయ్యకు మాత్రం ఫోన్ మీద నమ్మకం లేదు. ఫోన్లో బాగున్నంత మాత్రాన కుళాయిలో బాగుంటాయా అని నన్ను ఆటపట్టించింది. పాప నీళ్లు సగానికి మరిగేదాకా స్టవ్ దగ్గరే నిలబడుతుంది. మసిగుడ్డతో గిన్నె తనే దించాలి, నన్ను ముట్టుకోనివ్వదు. చూస్తుంటే ముచ్చటేస్తుంది.

మార్చి 9

పాప పెదవులు నీలంగా కనిపిస్తున్నాయి. చలికేమో అన్నాడు మా ఆయన. ఎక్కడి చలి?

మార్చి 10, ఉదయం 11

ఆస్పత్రి. పాప ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. డాక్టరమ్మ ముందుగా అడిగింది నీళ్ల గురించే. ధీమాగా ఫోన్ చూపించాను. రక్తపరీక్ష చూసి, ఇది నైట్రేట్ పనేనంది. సగానికి మరిగించి పట్టిస్తున్నాం కదండీ అన్నాను.  మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదట. నీళ్లు ఆవిరైపోయి, అది ఇంకా చిక్కబడుతుందట.

 అత్తయ్య అప్పుడు వరండాలో పాలసీసా కడుగుతోంది. ఆవిడకు చెప్పలేదు.

మార్చి 11

దేవుడా, నన్ను తీసుకుపో. దాన్ని వదిలెయ్.

మార్చి 12

నీళ్ల ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎన్.డి. అంటే నో డేటా అట! మిషన్ పాడై నెలలు గడిచాయట, పరీక్షే చేయలేదట. ఆమాత్రం తెలీదా మేడమ్ అన్నాడు గుమాస్తా. నోటికొచ్చినట్టు తిట్టాను. పెట్టేశాడు.

కుళాయి నీళ్లు పసిపిల్లలకు పట్టొద్దని గ్రూపులో రాశాను. పుకార్లు పుట్టించకండి అంటూ ఎవరో నా స్క్రీన్‌షాట్ నాకే తిప్పి పంపారు.

మార్చి 15

పాప పెదవులకు రంగు తిరిగింది. ఇల్లు చేరాం. ఇప్పుడు క్యాన్ నీళ్లే.

తాను ఇంకాస్త సేపు మరిగించి ఉంటే పాపకు ఈ గండం తప్పేదేమో కదా అని అడిగింది అత్తయ్య.  డాక్టరమ్మ చెప్పింది వింటే ఆ మనిషి బతుకుతుందా? పాపనెత్తుకుని గదిలోకి వచ్చేశాను.

మధ్యాహ్నం మెట్ల దగ్గర ఆవిడ గొంతు వినిపించింది. మేడ మీద అద్దెకుంటున్న బాలింతకు జాగ్రత్తలు చెబుతోంది. బిడ్డకు పట్టే నీళ్లు సగానికి, వీలైతే ఇంకా తక్కువకు మరిగించమంటోంది.

అదే రోజు, సాయంత్రం

చెప్పేశాను.  అత్తయ్య మేడ మీదికి పరుగెత్తి, వాళ్ల స్టవ్ మీద మరుగుతున్న గిన్నె దించి, కందిన అరచేతులతో వచ్చింది.

మసిగుడ్డ మా స్టవ్ పక్కనే ఉంది.