పేరు పెట్టి పిలువు

మస్కట్,
శుక్రవారం

చిరంజీవి మంగకు,

అక్క వరలక్ష్మి దీవించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని దీని తరవాత రాయాలి. రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఎదిగిన పిల్లని పోగొట్టుకున్న ఇంటికి ఆ ముక్క ఎలా రాయను? అందుకని అడుగుతాను, నువ్వే జవాబు చెప్పు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మరిదిగారు వేళకి తింటున్నారా? నువ్వు రెండు ముద్దలైనా మింగుతున్నావా?

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని అనుకుంటావు. ఫోను చేస్తే మరిదిగారు స్పీకరు పెడతారు. అటు అమ్మ, ఇటు పక్కింటివాళ్ళు, మధ్యలో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, నువ్వు ఫోను పెట్టేస్తావు. కిందటిసారి అదే జరిగింది. అందుకని ఇప్పుడు కాగితం మీద అరుస్తున్నాను. మా పక్క వీధిలో వంటపని చేసే నరసాపురం ఆవిడ నాగమణిగారు సెలవు మీద ఇంటికి వస్తున్నారు. నీ చేతికే ఇమ్మన్నాను. ఒక్కదానివే కూచుని చదువు.

ఇక్కడ ఎండలు కాస్త తగ్గాయి. ఇప్పుడు సాయంత్రం గుమ్మంలో కూచోవచ్చు. నేను చూసుకునే ముసలావిడ నడుము నొప్పి ఇంకా తగ్గలేదు. ఇంట్లో అందరూ ఆవిణ్ణి మామా అంటారు, ఇక్కడ అమ్మని అలాగే పిలుస్తారు, నేనూ అంతే. స్నానం చేయించడం, మందులివ్వడం, కాళ్ళు పట్టడం, మధ్యాహ్నం ఆవిడ పక్కన కూచుని ఖర్జూరం, కాఫీ. కాఫీ అంటే మనది కాదు, పాలుండవు, పంచదార ఉండదు, యాలకుల కషాయం. అలవాటైపోయింది. చేపలకి లోటు లేదు. మొదట్లో నేను పులుసు పెడితే ముక్కులు మూసుకునేవారు, ఇప్పుడు గిన్నె నాకు మిగల్చడం లేదు. నా గురించి బెంగపెట్టుకోకు, బాగానే ఉన్నాను. తిండికి, నిద్రకి లోటు లేదు, బాగానే ఉన్నాను. ఒక మాట రెండుసార్లు అంటే అబద్ధమని నువ్వంటావు. అననీ. వీళ్ళు పాస్‌పోర్టు నా చేతికిచ్చేసరికి అక్కడ అంతా అయిపోయింది. ఆ మంట నాలో ఇంకా ఆరలేదు.

ఇక అసలు సంగతి. బాణసంచా షెడ్డు మంటల మీద రాజమండ్రిలో పెట్టిన విచారణకి నువ్వు వెళ్ళి నోరు తెరవకుండా తిరిగొచ్చావని అమ్మ చెప్పింది. నేను నమ్మలేదు.

"దాన్నేం అనకే," అంది అమ్మ. "ఆ ఆఫీసరు పోయినమ్మాయి పేరు చెప్పండమ్మా అన్నాడంట. ఇదేమో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయిందంట. ఎన్నిసార్లడిగినా అంతేనంట. ఆయనే జాలిపడి నెలాఖరుకి మళ్ళీ రమ్మన్నాడు."

"పేరు చెప్పడానికేమైందమ్మా?"

"ఏడాది దాకా పేరెట్టి పిలవకూడదని పంతులుగారు చెప్పారు కదే. అసలే దుర్మరణం. పిలిస్తే వెనక్కి తిరుగుద్దంట. ఇంక దానికి దారి దొరకదంట."

ఆ పంతులుగారిని మీ ఇంటికి తీసుకొచ్చిందెవరు మంగా? బాణసంచా షెడ్డు యజమాని. తన కారులో కూచోబెట్టుకుని మరీ తెచ్చాడు. నారాయణబలి తానే దగ్గరుండి చేయిస్తానన్నాడు. పిల్ల పేరు ఆఫీసుల్లో, కోర్టుల్లో నలిగితే ఆత్మకి శాంతి ఉండదు, ఆలోచించుకోండమ్మా అని గుమ్మంలో చెప్పులేసుకుంటూ అన్నాడు. ఇవన్నీ నువ్వు చెప్పినవే, నేను కల్పించినవి కావు. ఇదంతా నీకు భక్తిలా కనపడిందా? నాకు ఇంకో తాళంలా కనపడింది.

తాళమంటే గుర్తొచ్చింది. నువ్వు మాత్రం మర్చిపోగలవా? ఆ పూట పిల్లతోపాటు చిచ్చుబుడ్లలో మందు కూరుతూ, తాగే నీళ్ళు అయిపోయాయని నువ్వు బిందె పట్టుకుని ముందు గుమ్మంలోంచి బోరింగు దగ్గరికి వెళ్ళావు. షెడ్డు వెనకగా వెళ్ళావు కాబట్టి వెనక తలుపుకి బయట్నుంచి తాళం వేసి ఉండటం చూశావు. పిల్లలు మాటిమాటికీ కొబ్బరితోటలోకి వెళ్ళి కబుర్లాడుతున్నారని యజమానే వేయించాడు. బిందె సగం నిండలేదు, ముందు గుమ్మం దగ్గర ఆరబెట్టిన మందు అంటుకుంది. తరవాతది నేను రాయను. చూసినవాళ్ళలో బతికున్నది నువ్వొక్కదానివి. యజమాని ఏం చెబుతున్నాడో తెలుసా? వెనక తలుపు బార్లా తీసే ఉందని, పిల్లలే సెల్‌ఫోన్లు లోపలికి తెచ్చి అంటించుకున్నారని. నువ్వు నోరు మూసుకుంటే ఆ మాటే నిలబడుతుంది. తమని తామే కాల్చుకున్న పిల్లలుగా మిగులుతారు. దుర్గతి అంటే అదమ్మా. గాల్లో తిరగడం కాదు.

దుర్మరణమట. ఆయుష్షు తీరకుండా పోయింది కాబట్టి మిగిలిన ఏళ్ళన్నీ ఆ పిల్ల ఆకలితో, దాహంతో తిరుగుతూనే ఉంటుందట. సరే, ఒక్క నిమిషం ఒప్పుకుంటాను. ఆయుష్షు తీరకుండా పోయిందంటే ఎవరో దాన్ని మధ్యలో తెంచారనే కదా? ఎవరు తెంచారని పంతులుగారు అడగరేం? దాహమేమో కాలిపోయిన పిల్లకి, శాంతి చేయించిన పుణ్యమేమో తాళం వేయించినవాడికా? ఏ శాస్త్రంలో ఉందో పేజీ తీసి చూపించమను.

మీ వీధిలో ఇంకో మాట కూడా తిరుగుతోందట. అంతమంది ఆడపిల్లలు ఒకేసారి పోయారంటే పోయిన జన్మలో అందరూ కలిసి ఏదో చేసే ఉంటారని. ఏం చేశారమ్మా? ఆ పిల్లలంతా కలిసి ఏ ఊరు తగలబెట్టారు? అదే సమయానికి గేటు దగ్గర కుర్చీ వేసుకుని టీ తాగుతున్న యజమాని మాత్రం ఏం పుణ్యం చేసుకున్నాడు? కూలికి వెళ్ళినవాళ్ళందరికీ పాపం, గేటు దగ్గర కూచున్నవాడికి పుణ్యం. పైలోకం కూడా అచ్చం మన ఊరి పంచాయతీలాగే నడుస్తున్నట్టుందే!

పాస్టరుగారు కూడా వచ్చి ప్రార్థన చేశారన్నావు. మంచాయనే, వరదలప్పుడు మన వీధికి బియ్యం మోసిన మనిషి. ఆయనేమో, ఆఖరి క్షణంలో ప్రభువుని ఒక్కసారి తలుచుకున్నా చాలు, రక్షణ దొరికినట్టే అన్నారట. "తలుచుకుందో లేదో మనకెలా తెలుస్తుందండీ?" అని నువ్వడిగితే కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారట. ఆయన కన్నీళ్ళని నేనేమీ అనను. కానీ ఆ పొగలో తలుపు బాదుతున్న పిల్లకి ఆఖరి క్షణంలో కూడా పరీక్షేనా? ఫెయిలైతే మళ్ళీ నిప్పేనా?

ఇదంతా కిందటిసారి ఫోన్లో అన్నాను. ఇంకా ఘోరంగా అన్నాను. ఆత్మా లేదు, గీత్మా లేదు, పిల్ల బూడిదైపోయింది, ఇక ఎక్కడా లేదు అన్నాను.

"ఎక్కడా లేదా అక్కా?" అన్నావు.

"లేదే."

"అయితే ఇంక మాట్లాడటానికేముంది? నీకంటే పంతులుగారే నయం. కనీసం తిరుగుతోందంటున్నారు." ఫోను పెట్టేశావు.

ఊరి మీటింగుల్లో వాదిస్తానని నన్ను లాయరమ్మ అని వెక్కిరించేవారు. ఏ మీటింగులోనూ ఎవరూ నన్ను మాటతో అంత గట్టిగా కొట్టలేదు. జవాబు కోసం రోజుల తరబడి వెతుక్కున్నాను. నా మాట తప్పని ఇప్పటికీ అనను. కానీ నీతో వాదించాల్సింది ఆ సంగతి మీద కాదు.

ఈ మామా సంగతి చెప్పాలి నీకు. ఆవిడ కొడుకు సాలిం చేపల పడవ మునిగి సముద్రంలో పోయాడు. చాలా ఏళ్ళయింది. ఆవిడ మాత్రం రోజూ వాడి పేరెత్తకుండా ఉండదు. ఈ చేప సాలింకి పడదు అంటుంది. సాలిం అయితే ఈ తలుపుకి ఎప్పుడో నూనె వేసేవాడు అంటుంది. నేను పని చేస్తూ ఏడుస్తుంటే దగ్గరికి పిలిచి ఏమైందని అడిగింది. నాకొచ్చిన అరకొర అరబ్బీలో చెప్పాను, మిగిలింది చేతులతో చెప్పాను.

"నిప్పులో పోయిందా? అయితే ఏడవకు," అంది. "నీళ్ళలో పోయినవాళ్ళు, నిప్పులో పోయినవాళ్ళు, గోడ కూలి పోయినవాళ్ళు, వీళ్ళంతా దేవుడి దగ్గర అమరులు. నేరుగా లోపలికి వెళ్ళిపోతారు."

నేనూరుకుంటానా? "అయితే ఆ పడవ యజమాని మీద మీకు కోపమే లేదన్నమాట. మీ అబ్బాయిని నేరుగా స్వర్గానికి పంపాడుగా!" అన్నాను.

అన్నాక భయమేసింది, ఇవాళ్టితో ఉద్యోగం ఊడింది అనుకున్నాను. ఆవిడ కప్పు కింద పెట్టింది. నా మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యే గానీ పట్టు ఉడుంపట్టు.

"సాలిం లెక్క దేవుడి దగ్గరుంది. పడవవాడి లెక్క నా దగ్గరుంది," అంది.

పగిలిన పడవని తెలిసే పంపాడని కోర్టులో నిలబడి చెప్పిందట. కొడుకు పేరు, వాడి తండ్రి పేరు, తాత పేరు కలిపి, చివరి వరస దాకా వినపడేలా చెప్పిందట. మంగా, ఆవిడ స్వర్గం మీద నాకు నమ్మకం లేదు. నమాజు చేయని నా మీద ఆవిడకి నమ్మకం లేదు, రోజూ నా కోసం దువా చేస్తుంది పాపం. పడవవాడి దగ్గరికొచ్చేసరికి ఇద్దరం ఒకటే.

కాబట్టి నీ నమ్మకం నీ దగ్గరే ఉంచుకో. పిల్ల ఉందనుకుంటే ఉందనుకో, లేదనమని ఇక నేనడగను. నారాయణబలి చేయించాలనిపిస్తే గోదావరి రేవులో చేయించు, నేను ఎదురు చెప్పను. వాడి చేత మాత్రం చేయించకు. వాడి కారు గుమ్మం ముందు ఆగనివ్వకు. మరిదిగారికి ఇబ్బందైతే నా పేరు చెప్పమను, ఆ లాయరమ్మ ఊరుకోదండీ అని చెప్పమను.

నెలాఖరున రాజమండ్రి వెళ్ళు. అమ్మని తోడు తీసుకెళ్ళు. ఆఫీసరు మొదట అడిగేది పేరే. ఈ ఉత్తరంలో నేను కూడా ఇప్పటిదాకా పిల్ల, పిల్ల అనే రాశాను, చూశావా? నీకు భయమని దాచాను. ఇంక దాచను. సత్యవేణి. నా ఒళ్ళో పెట్టి నువ్వే పెట్టించిన పేరు. సత్యవేణీ అని పిలిస్తే వచ్చానమ్మా అంటూ రెండు మెట్లు ఒక్కసారే దూకి వచ్చే పిల్ల.

పిలిస్తే వెనక్కి తిరుగుతుందని పంతులుగారి భయం. తిరగనీ! కన్నతల్లి పిలిస్తే తిరగడమా తప్పు? ఆ రోజు ఆ తలుపు వెనకనుంచి అదే నిన్ను పిలిచింది. ఎంత పిలిచినా ఆ తలుపు ఎవరూ తీయలేదు, తీయడానికి నీ చేతిలో తాళంచెవి లేదు. ఇప్పుడు నీ నోట్లో ఉంది. నువ్వు పిలువు. ఆ ఆఫీసులో అందరికీ వినపడేలా పిలువు. ఆ తరవాత తాళం గురించి చెప్పు.

మామా దాన్ని ఫొటోలో చూసి పేరడిగింది. ఆవిడ నోటికి తిరగక సత్తివేనీ అంటుంది. మధ్యాహ్నం కాఫీ దగ్గర సాలిం పేరు, మన పిల్ల పేరు రెండూ పలుకుతున్నాం. సముద్రం ఇవతల ఇంతవరకూ ఏ కీడూ రాలేదు.

నాగమణిగారు తిరిగొచ్చేటప్పుడు ఒక కొబ్బరి ఈనెల చీపురు పంపు. నవ్వకు. ఇక్కడి ప్లాస్టిక్ చీపుళ్ళతో నాకు ఊడ్చినట్టే ఉండదు. విమానంలో ఎలా తెస్తానే అని ఆవిడ మొత్తుకుంటారు, అయినా పంపు.

అమ్మకి నా నమస్కారాలు, కాళ్ళకి దండం పెట్టానని చెప్పు. నేను కోపంలో అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దని, నన్ను దీవించమని చెప్పు. మరిదిగారికి నమస్కారాలు. పాస్టరుగారు కనపడితే అడిగానని చెప్పు. పంతులుగారికి మాత్రం ఏమీ చెప్పకు, ఆయనతో నేను వచ్చాక మాట్లాడతాను. నీకు నా దీవెనలు. రాజమండ్రి నుంచి తిరిగి రాగానే ఫోను చెయ్యి. ఈసారి నేను అరవను, వింటాను.

ఇట్లు,
నీ అక్క,
సత్యవేణి పెద్దమ్మ,
వరలక్ష్మి