ఏసీయండి

ఖల్లికోట,
11 ఫిబ్రవరి 1974

మా ప్లీడరు బాబుగారికి, రైసుమిల్లు కూర్మారావు దణ్ణం పెట్టి రాస్తున్నది.

ఈ ఉత్తరం మీకన్నా ముందు జైలువాళ్ళు చదువుతారని తెలుసు. చదవనీండి. అందుకే పోస్టులో వేస్తున్నాను.

ఆ చీటీ నాది బాబూ.

పోలీసులు మీ ఆఫీసు వెతికి పట్టుకుపోయిన కాగితం, పెన్సిలుతో "మేనేజర్ని కూడా ఏసీయండి బాబూ" అని ఉన్నది, కింద పేరు లేనిది, నేను రాసిందే. రాసింది ఎవరో చెప్తే వదిలేస్తామని మీతో అన్నారట. మీరు చెప్పలేదు. రెండు నెలలుగా మీరు లోపల, నేను బయట. రోజూ కళ్ళంలో ధాన్యం తిరగేస్తున్నాను, అన్నం తింటున్నాను. సిగ్గులేని బతుకు.

మా మిల్లులో పనిచేసే పుణ్యవతి కాళ్ళు ధాన్యం ఉడికించే తొట్టిలో కాలిపోయినప్పుడు లేబరాఫీసులో వెయ్యడానికి మీరు పిటిషను రాశారు. అందులో ఓనరు పేరు ఒక్కటే ఉంది. పగిలిన తొట్టి దగ్గర ఆమెను బలవంతంగా నిలబెట్టింది మేనేజరు. వాడి పేరు కూడా అందులో వెయ్యండి అని చెప్పడానికి ఆ చీటీ రాసి మా కొండలు మామ చేత పంపాను. నేను బడికి వెళ్ళలేదు. మిల్లు గోడకున్న కేలండరులో వారాల పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. నోటితో ఎలా అంటానో అలాగే రాశాను. తర్వాత కలిసినప్పుడు మీరు నవ్వలేదు. "నీ దస్తూరీ బాగుందిరా, ధాన్యం ఆరబోసినట్టుంది" అన్నారు. నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి మీరు.

నెల తిరిగేసరికి మేనేజర్ని ఎవరో పొడిచి చంపారు. పోలీసులు మామను పట్టుకెళ్ళారు. బరంపురంలో ఒక్క ప్లీడరూ మామ తరఫున నిలబడనన్నాడు. కోర్టు ఎదురుగా టీ కొట్లో ఒక గుమస్తా నా ముఖం మీదే, "సంపినోడికి మళ్ళీ ప్లీడరేటిరా?" అన్నాడు. వాడి చొక్కా పట్టుకున్నాను. మీరు వచ్చి విడిపించారు. "చంపాడో లేదో తేల్చకుండా చంపినవాడని ఎలా అంటావయ్యా?" అని వాణ్ణి అడిగి, ఆ సాయంత్రమే మామ వకాల్తా మీద సంతకం పెట్టారు. దానికే మీకు ఈ శిక్ష. ఏసీయండి అంటే చంపెయ్యండి అనట. చీటీ మీకు వచ్చింది కనక కుట్రకు పెద్ద మీరేనట. నల్లకోట్లు వేసుకున్న మీ స్నేహితులు ఇప్పుడు మీ ఇంటి వీధిలో నుంచి నడవడం మానేశారు. వాళ్ళు చదివిన చదువంతా తీసుకెళ్ళి చిల్కా సరస్సులో పారెయ్యాలి.

వాళ్ళను తిడుతున్నాను గానీ, నేనేం చేశాను? దాక్కున్నాను. నిన్న మా అమ్మ కాసమ్మకు చెప్పేశాను. అమ్మ తిట్టలేదు. "ఆ బాబు నీకోసం నోరు కట్టుకున్నాడు. మరి నీకు నోరెందుకురా?" అంది.

ఇరవయ్యో తారీకు వాయిదాకు వస్తాను. చీటీ నాదని జడ్జీగారి ముందు చెప్తాను. భయం లేదని రాయను. ఉంది. ఆ చీటీ గొడవయ్యాక ప్రతి మాటా పేపరు భాషలోకి మార్చుకుని రాస్తున్నాను, దీనికి ఇంకేం అర్థం తీస్తారోనని.

మీకు ద్రోహం చేసిన
కూర్మారావు


బరంపురం జైలు,
15 ఫిబ్రవరి

చిరంజీవి కూర్మారావుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ చాలామంది చదివినట్టున్నారు, మడతల దగ్గర చిరిగింది.

నేను నోరు మూసుకున్నది నా గొప్పతనం కాదు. క్లయింటు చెప్పిన మాట క్లయింటుదే, ప్లీడరుది కాదు. నువ్వు విప్పమంటే తప్ప విప్పే హక్కు నాకు లేదు. ఇప్పుడు నువ్వే విప్పావు. మా ఇంటికి వెళ్ళి మా అమ్మ బాలాంబగారిని పుణ్యవతి పిటిషను నకలు అడుగు. ఓనరు తర్వాత రెండో ప్రతివాది ఎవరో చూడు, లేబరాఫీసు ముద్ర మీద తేదీ చూడు. నీ చీటీ వచ్చిన రోజే ఆ పేరు వేశాను. కానీ ఈ పిటిషను కోసమే ఆ చీటీ అని చెప్పాల్సింది రాసినవాడే.

భయపడు, తప్పులేదు. నీ భాష మాత్రం మార్చుకోకు.

వేంకటరమణమూర్తి


ఖల్లికోట,
22 ఫిబ్రవరి

మా ఇంటి దేవుడు ప్లీడరు బాబుగారికి, కూర్మారావు దణ్ణాలు.

మొన్న మీరు బోనులో నిలబడి అంతా విన్నారు. ఏసీయడమంటే చంపడం కాదా అని సర్కారు ప్లీడరు గద్దించినప్పుడు పేపరు భాష ఒక్క ముక్కా గుర్తు రాలేదు. మా భాషే వచ్చింది. "కూరలో ఉప్పేస్తాం బాబూ. కేసేస్తాం. తలుపేస్తాం. సంపడాన్ని మాత్రం సంపడమనే అంటాం."

జడ్జీగారు ఒడియా ఆయన. దుబాసీ చెప్పింది విని నాకు కాగితం ఇప్పించి, తలుపు వెయ్యమని రాయమన్నారు. రాశాను. దుబాసీ "తలుపేసీయండి" అని పైకి చదివాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ బంట్రోతు మన వైపు వాడే కాబోలు, ఆ మాట వినడంతోనే వెళ్ళి తలుపు వేసేశాడు.

కోర్టంతా నవ్వింది. జడ్జీగారు నవ్వలేదు. ఆ మూసిన తలుపును కాసేపు చూసి, నేను మీ ఇంటి నుంచి తెచ్చిన పిటిషను నకలు ఇటివ్వమన్నారు. మేనేజరు పేరు చదివి, ముద్ర మీద తేదీ చూసి, మీ మీద కేసు కొట్టేశారు. తలుపు తీసేసరికి మొదట బయటికి వచ్చింది మీరే బాబూ. అమ్మ మీ కాళ్ళ మీద పడబోతే ఆపి, "నీ కొడుక్కి నోరుందమ్మా" అన్నారు. అమ్మ ఆ మాట ఊరంతా చెప్తోంది.

మామ కేసు వచ్చే నెల పదిన వాయిదా. మీరు ముద్దాయి అయ్యాక ఆ కేసులో మీ పేరు తీసేశారు. ఇంత జరిగాక మళ్ళీ అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. కోర్టు మెట్ల మీద మీరే, "కొత్త వకాల్తా ఎప్పుడు తెస్తావు?" అన్నారు. వకాల్తా ఈ కవరులో పెట్టాను. మామ వేలిముద్ర ఉంది. దాని మీద చిన్న చీటీ కుట్టాను, పెన్సిలుతోనే రాశాను:

మీ పేరు మల్లీ ఏసీయండి బాబూ.

ఈసారి చీటీ కింద పేరుంది.

కూర్మారావు,
లక్ష్ముడు కొడుకు,
రైసుమిల్లు కళ్ళం, ఖల్లికోట.